నలభై బండ్ల రాయి

ఆ పొద్దు ఆకాశం రెండు తీర్లుగా ఉంది. బొల్లారం దిక్కు ఫ్యాక్టరీల పొగ కదలకుండా నిలబడి తూర్పంతా పసుపు నీళ్ళు చల్లినట్టు మసకగా ఉంటే, సంగారెడ్డి దిక్కు మాత్రం రాత్రి కురిసిన వానకు కడిగిన పలకలాగా తేటగా ఉంది. చిన్నరాములు వాకిట్లో నిలబడి రెండు దిక్కులూ చూశాడు. పోయేది తేటగా ఉన్న దిక్కుకే గదా, పని అవుతుందిలే అనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు సుతారి పని చేసి, ఊళ్ళవాళ్ళకు గోడలు కట్టినవాడు. లేవగానే ఆకాశం చూడటం ఆయనకు ముఖం కడుక్కోవడం వంటిది. మొగులు పట్టిన నాడు గోడ మీద చెయ్యి పెట్టకూడదు.

అది తొంభై ఎనిమిది, దసరా వెళ్ళిన వారం. చిన్నరాములు ఇల్లు అమ్ముతున్నాడు.

ఇల్లు పటాన్‌చెరు పాత ఊళ్ళో ఉంది. కొనేది బయటివాడేం కాదు. ముందు వాటాలో తొమ్మిదేళ్ళుగా కిరాయికి ఉంటున్న వెంకటరామయ్య. ఆయనది కృష్ణా జిల్లా, ఇక్కడి సర్కారు కర్మాగారంలో టర్నరు. వెనుక వాటాలో చిన్నరాములు, ఆయన భార్య ముత్యమ్మ. ఒక్కతే కూతురు, జోగిపేటలో తన సంసారం తాను చక్కగా చేసుకుంటోంది. చిన్నరాములుకు మోకాళ్ళు మొరాయించాయి. ఇప్పుడు రాతిగోడ కట్టించేవాళ్ళు కూడా లేరు, సిమెంటు ఇటుకలు పేర్చి పైన పూత పూసుకుంటున్నారు. కొండాపూర్ దాటినాక ఉన్న సొంత ఊళ్ళో రెండెకరాల చెలక బీడుగా పడి ఉంది. అందులో ఒక బావి తవ్వించి, అడుగు నుంచి అంచు దాకా తన చేత్తో రాతికట్టు కట్టాలి. చేతికి అదే ఆఖరి పని అని మనసులో పెట్టుకున్నాడు.

ఇల్లు అమ్ముతున్నాడని దాని మీద ప్రేమ లేదనుకోవద్దు. మూరెడు మందం గోడలు. నల్లరాయి. సందుల్లో చీమకు దారి దొరకదు. ఆ చుట్టుపక్కల ఆయన ఎన్ని కంపెనీలకు ప్రహరీలు కట్టాడో లెక్కలేదు. ఆ గోడల మీద కంపెనీల పేర్లే ఉన్నాయి. ఈ ఒక్క గోడ మాత్రం ఆయనది.

వెంకటరామయ్య, చిన్నరాములు కలిసి సంగారెడ్డి బస్సెక్కారు. వెంకటరామయ్యకు అప్పిచ్చేవాళ్ళు, వకీలు చూసి సరే అంటేనే ఇస్తామన్నారు. అందుకని మాణిక్‌రావు వకీలు దగ్గరికి పోయారు. కోర్టు ఎదురుగా రేకుల కప్పు ఉన్న ఒక్క గది. నెత్తి మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళద్దాలను వకీలు రెండు నిమిషాలు వెతుక్కుని, దొరికినాక చిన్నరాములు ఇచ్చిన పాత దస్తావేజు విప్పాడు. డెబ్భై ఐదులో రాసిన కాగితం అది. మడతల దగ్గర పిగిలింది.

"ఇల్లు స్వార్జితమా, పిత్రార్జితమా?" అన్నాడు వకీలు.

"ఏందది సార్?"

"నువ్వు సంపాదించి కొన్నవా, మీ నాయిన ఇచ్చిండా?"

"మా నాయిన ఇచ్చింది రెండెకరాల చెలక, ఇగ ఈ ముక్కు. ఇల్లు నేను కొన్న. కూలిపోయిన మట్టి ఇల్లుండె. అది తీసేసి రాయితోని కట్టిన."

వెంకటరామయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఒక మాటండి. మా ఆవిడ అడిగి రమ్మంది. పెరట్లో రుబ్బురోలుంది. అది ఇంటితోపాటు మాకు వస్తుందాండి, వాళ్ళు పట్టుకుపోతారా?"

"భూమిల పాతిందా?"

"నడుం దాకా పాతారండి."

"పాతింది ఇంటిదే. చెట్టూ అంతే, బాయీ అంతే, దర్వాజలూ అంతే. కాలితోని తంతే దొర్లేది అమ్మేటాయనది."

"అయితే నా భార్య నాకే ఉంటది సార్," అన్నాడు చిన్నరాములు. "ఆమెను తంతే దొర్లేది నేను."

వకీలు నవ్వాడు. నవ్వుతూనే కాగితంలోకి తలవంచి, నవ్వు ఆపేశాడు. వేలు పెట్టి చదివాడు. "కొన్నవారు: రాములు, తండ్రి బాలప్ప, వృత్తి సేద్యం. నీ పేరేంది?"

"చిన్నరాములు."

"ఇండ్ల చిన్న ఏది?"

చిన్నరాములు ముందుకు వంగి కాగితంలోకి చూశాడు.

"పెద్దరాములు ఉన్నడా?"

"ఉన్నడు. మా అన్న."

"ఆయన తండ్రి పేరు కూడ బాలప్పనే గద?"

"మరింకెవలది ఉంటది సార్!"

బాలప్పకు ఒక మొక్కు ఉండేది. పుట్టిన మగపిల్లలకు రాముని పేరే పెడతానని. మొదటివాడు పుడితే పెట్టాడు. రెండోవాడు పుడితే, దేవుడికి ఇచ్చిన మాటలో ఒక్కరికే అని లేదు గదా అని, వాడికీ పెట్టాడు. ఊళ్ళో దాంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. పెద్దరాములు అంటే ఒకరు పలికేవారు, చిన్నరాములు అంటే ఇంకొకరు. పెద్ద, చిన్న అన్నవి పేరులో భాగాలైపోయాయి.

కాని దస్తావేజు రాసిన నాడు రాతగాడు పేరడిగితే, ఇరవై ఏడేళ్ళ చిన్నరాములు ఛాతీ విరుచుకుని "రాములు" అన్నాడు. చిన్నరాములు అనడానికి నోరు రాలేదు. ఇల్లు కొన్న మనిషి ఇంకా చిన్నవాడేమిటి? ఆ ఒక్కనాడు ఆయన రాములు. రాతగాడు అంతే రాశాడు, పల్లె మనిషని వృత్తి సేద్యం అని తనంతట తానే వేశాడు. ఆ రోజుల్లో కొన్నవాడి వేలిముద్ర తీసుకునే అలవాటు లేదు. అమ్మినవాడిదే ఉంది.

"ఇల్లు కొనేనాటికి అన్నదమ్ములు పంచుకున్నరా?"

"లేదు సార్. నాయిన పోయినంకనే పంచుకున్నం."

వకీలు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడు పెద్దమనిషీ. కలిసున్న కుటుంబంల కొన్న ఇల్లు. కాగితం మీద పేరు ఇద్దరిది. వెంకటరామయ్య ఇంటి నంబరు చెప్పిననాడే నేను ఓటర్ల లిస్టు తీయించిన. ఎనభై మూడుల ఈ ఇంటి నంబరు మీద పెద్దరాములు కూడ ఉన్నడు. నేను మీ అన్న వకీలునైతే సగం ఇల్లు కాదు, ఇల్లంత అడుగుత. నిన్ను నమ్మను అని కాదు. కాగితం నిన్ను నమ్మదు."

"ఇప్పుడేం చేయాలండి?" అన్నాడు వెంకటరామయ్య.

"అమ్మేటోళ్ళల్ల ఆయన పేరు కూడ కలుపుదాం. ఇద్దరు వచ్చి సంతకం పెడితే ఇగ అడిగేటోడు ఉండడు. ఆయన రాకుంటే మాత్రం, ఈ ఇల్లు కొనుమని నేను నీకు చెప్ప."

ఆ మాట చిన్నరాములుకు గుండెలో దిగింది. ఇల్లు అమ్ముడుపోకపోతే బావి లేదు, అది ఒకటి. అంతకన్నా పెద్దది ఇంకొకటి. ముప్ఫై ఏళ్ళలో తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ నాలుగు గోడలు. అవి తనవని ఇప్పుడు తాను చెబితే చాలదు. లోకంలో ఒకే ఒక్క మనిషి చెప్పాలి. ఆ మనిషి తన ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టి పదకొండేళ్ళయింది.

ఎనభై రెండులో కరువు వచ్చినప్పుడు పెద్దరాములు ఆలుబిడ్డలతో వచ్చి ఈ ఇంట్లోనే రెండేళ్ళు ఉన్నాడు. కూలికి పోయాడు, వానలు పడగానే ఊరికి వెళ్ళిపోయాడు. ఎనభై ఏడులో బాలప్ప చనిపోయాడు. పదకొండో నాడు అందరూ బంతిలో కూర్చుని తింటుంటే గట్టు పంపకం మాట వచ్చింది. మాటకు మాట పెరిగింది. చిన్నరాములు నోరు జారాడు. "నా ఇంట్ల రెండేండ్లు తిన్నోనివి, నాకు నీతులు చెప్తవా?" అన్నాడు, కులపోళ్ళందరి ముందర.

ఆ మాటకు పెద్దరాములు దగ్గర జవాబు ఉంది. ఆ ఇల్లు కట్టేటప్పుడు ఒక ఎండాకాలమంతా ఆయన ఎడ్లతో సహా వచ్చి ఉండి, మూడు కోసుల దూరం గుట్ట నుంచి రాయి తోలాడు. రోజుకొక బండి. నలభై బండ్లు. ఒక ఎద్దు గిట్ట పగిలి కుంటిదైంది. ఆ జవాబు ఆయన ఇవ్వలేదు. విస్తరి ముందు నుంచి లేచి, చెంబు తీసుకుని చెయ్యి కడుక్కుని, "ఇగ నీ ఇంట్ల చెయ్యి కడగ," అన్నాడు. అంతే. చెయ్యి కడగనంటే అన్నం ముట్టనని. చిన్నరాములు కూతురి పెళ్ళికి వచ్చాడు. పందిట్లో ఒక మూల నిలబడ్డాడు, పిల్ల చేతిలో చీర పెట్టాడు, నీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో నడిచి వెళ్ళిపోయాడు.

సంగారెడ్డి బస్‌స్టాండ్‌లో కొండాపూర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. చిన్నరాములు దాన్ని చూశాడు. అది వెళ్ళిపోయేదాకా చూశాడు. తరువాత పటాన్‌చెరు బస్సెక్కాడు.

ఇంటికి వచ్చి సంగతి చెబితే ముత్యమ్మ చేటలో బియ్యం చెరుగుతూ విన్నది. చెరగడం ఆపలేదు.

"పోయి అడుగు," అన్నది.

"ఏమని అడగాలె?"

"ఇల్లు నాదని చెప్పమని అడుగు."

"నా ఇల్లు నాదని ఇంకోని నోట చెప్పించుకోవాల్నా?"

"ఇంకోడా? నీ తోడ పుట్టినోడు. ఊరోళ్ళ గోడలన్నీ తూకం గుండు పట్టి సక్కగ కట్టినవ్. నీ నోటికి మాత్రం గుండు పట్టకపోతివి. గా దినం నోరు జెర ఆపుకుంటే గీ దినం ఈ పరేషాన్ ఉంటుండెనా?"

"ఆయనకు రోషం లేదా మరి? ఒక్క మాటకు పదకొండేండ్లు..."

"ఉన్నది. నీకూ ఉన్నది. ఇద్దరికి పేరొక్కటే పెట్టిండు మీ నాయిన, గుణం కూడ ఒక్కటే పెట్టిండు. రేపు పొద్దున మొదటి బస్సుకు పో."

తెల్లారి చిన్నరాములు ఊరికి పోయాడు. వానకు నేల మంచి పదును మీద ఉంది. పెద్దరాములు నల్లరేగడిలో గొర్రు కట్టి జొన్న విత్తుతున్నాడు. తమ్ముడు గట్టు మీద నిలబడటం దూరం నుంచే చూశాడు గాని ఎడ్లను ఆపలేదు. ఆయన సాలు మధ్యలో ఎప్పుడూ ఆపడు. చిన్నరాములుకు ఆ సంగతి తెలుసు, నిలబడ్డాడు. సాలు కొసకు వచ్చింది. ఎడ్లు వాటంతట అవే ఆగాయి.

"అన్నా."

పెద్దరాములు ఒడిలో ఉన్న విత్తనాలను వేళ్ళతో కలిపాడు. "ముత్యమ్మ మంచిగున్నదా?"

"ఉన్నది."

చిన్నరాములు చెప్పాడు. దస్తావేజులో పేరు సంగతి, వకీలు అన్న మాటలు, ఇద్దరి సంతకం. ఎంత చెప్పినా తాను అసలు అడగాల్సిన మాట చుట్టూనే తిరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. తప్పైంది అనే మాట కూడా నాలుక కొస దాకా వచ్చి, సాలు మధ్యలో ఎద్దులాగా అక్కడే నిలిచిపోయింది. పెద్దరాములు అంతా విన్నాడు.

"పేరు రాములు అనే చెప్పినవా?"

"అనే చెప్పిన."

పెద్దరాములు మీసం కదిలింది. నవ్వో, మరొకటో. "ఏ దినం?"

"బేస్తారం."

"పదును ఆరిపోతది," అన్నాడు పెద్దరాములు. ఎడ్లను అదిలించి గొర్రు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అన్న భార్య మొగులమ్మ గట్టు కింద విత్తనాల సంచి దగ్గర కూర్చుని ఉంది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. చిన్నరాములు తాగాడు.

"వదినె, వస్తడా, రాడా?"

"రానన్నడా?"

"అనలే."

"అనకపోతే వస్తడు. నేను ముప్ఫై ఏండ్ల సంది గట్లనే బతుకుతున్న," అన్నది మొగులమ్మ.

బేస్తవారం చిన్నరాములు, ముత్యమ్మ, వెంకటరామయ్య రిజిస్ట్రేషన్ కచేరికి పోయేసరికి పెద్దరాములు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన ధోతి, తలకు ఎర్రంచు రుమాలు. కాళ్ళకు రేగడి మట్టి ఇంకా పూర్తిగా వదలలేదు. నాలుగింటికి లేచి మిగిలిన సాళ్ళు విత్తి బస్సెక్కాడని మట్టే చెబుతోంది.

మాణిక్‌రావు వకీలు వాళ్ళను వరండాలో ఒక పక్క కూర్చోబెట్టి కాగితం చదివాడు. "అమ్మేవారు, ఒకటి: చిన్నరాములు ఉరఫ్ రాములు, తండ్రి బాలప్ప. రెండు: పెద్దరాములు, తండ్రి..."

"ఆగుండ్రి సార్," అన్నాడు పెద్దరాములు. "నేనెందుకు అమ్ముత?"

వెంకటరామయ్య ముఖంలో నెత్తురు లేదు. చిన్నరాములు నేల చూశాడు. అయిపోయింది అనుకున్నాడు.

"అమ్మనంటవా?" అన్నాడు వకీలు.

"నాది కాందాన్ని నేనెట్ల అమ్ముత?"

వకీలు తేరుకున్నాడు. "మంచిది. అయితే ఇంకో తీరుగ రాద్దాం. నాకున్న హక్కు వదులుకుంటున్నా అని..."

"హక్కు ఉంటే గద వదులుకునుడు. ఉన్నదన్నట్టు ఎందుకు రాస్తరు? రేపు నా మనుమడు సదివి, మా తాత చిన్నతాత ఇంటి మీద కన్నేసిండు, ఆఖరికి ఇడిసిపెట్టిండు అనుకోవాల్నా?"

"ఇప్పుడు నీతోని ఎట్ల వేగాలె? సరే, ఒకటి చెప్పు. ఇల్లు కట్టేటప్పుడు నువ్వు ఏమన్న ఇచ్చినవా? పైస గాని, ఇంకోటి గాని?"

"ఏమియ్యలే."

"అబద్ధం సార్," అన్నాడు చిన్నరాములు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"రాయంత మా అన్న తోలిండు. నలభై బండ్లు. ఒక్కడే ఎక్కించిండు, ఒక్కడే దింపిండు. ఎద్దు కుంటిదైంది. రాయుండ్రి సార్, గది కూడ రాయుండ్రి."

"అది రాస్తే ఆయనకు వాటా పుడ్తదయ్యా!" వకీలు రెండు చేతులూ ఎత్తాడు.

"పుడితే పుట్టనియ్యిండ్రి."

"చిన్నరాములుగారూ!" అన్నాడు వెంకటరామయ్య, మునిగిపోతున్నవాడిలాగా. ముత్యమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుని వైపు చూస్తోంది. ఆమె అట్లా చూసి చాలా ఏళ్ళయింది.

పెద్దరాములు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. తొందరేమీ లేదు ఆయనకు. "సార్, తమ్ముని ఇంటికి తోలిన బండికి వాటా ఉంటదని ఏ కానూన్ల ఉన్నది?"

వకీలు కళ్ళద్దాలు తీశాడు. "ఏ కానూన్ల లేదు. మనుషులే తెస్తరు."

"నేను తేను. నన్ను సాక్షిగ పెట్టుకో. ఇల్లు ఎవలిదో ఎరికైనోడే గద సాక్షి? నాకంటే ఎక్కువ ఎవలకెరుక?"

వకీలు మనసులో లెక్క వేసుకున్నాడు. అమ్మకం సంగతంతా తెలిసి సాక్షిగా వేలిముద్ర వేసినవాడు, దాంతోపాటు ఒక ప్రమాణపత్రం ఇచ్చినవాడు, రేపు వచ్చి ఇల్లు నాది అంటే ఏ కోర్టూ వినదు. ఇద్దరూ అమ్మినదానికంటే ఇదే గట్టిది. "చెప్పు, ఏమని రాయాలె?" అన్నాడు కలం తీసి.

"రాయి. పాత కాగితంల రాములు అంటే నేను కాదు, నా తమ్ముడు చిన్నరాములు. ఆ ఇల్లు ఆయన సొంత కష్టం. అండ్ల నాకుగాని నా పిల్లలకుగాని ఏమి లేదు."

"మంచిగ చెప్పినవ్."

"అయిపోలే. రాయి మీద రాయి ఆయననే పెట్టిండు. గసొంటి గోడ పటాన్‌చెరుల ఇంకోటి లేదు."

"గోడ సంగతి ఈ కాగితంల ఎందుకయ్యా?"

"రాయి సార్. సిరా ఏం ఒడుస్తది?"

వకీలు ఆ మాట కూడా రాశాడో లేదో చిన్నరాములు చూడలేకపోయాడు. కాగితం ముందరే ఉంది గాని అక్షరాలు ఆనలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది షావుకార్లు, ఎంతమంది ఇంజనీర్లు ఆయన గోడ చూసి శభాష్ అన్నారో. అన్న మాత్రం ఒక్కనాడూ అనలేదు. అంటే ఇట్లా ఉంటుందని ఆయనకు తెలియదు.

లోపలికి పిలిచారు. అధికారి తల ఎత్తకుండా అడిగాడు. "పేరు?"

చిన్నరాములు ఛాతీ విరిచాడు, ఇరవై మూడేళ్ళ కిందటి లాగానే. "చిన్నరాములు."

"తండ్రి?"

"బాలప్ప. అన్న పెద్దరాములు."

"అన్న పేరు అడగలేదు."

"మీరు అడగకపోతే ఏమాయె సార్, నేను చెప్తున్న."

బల్ల దగ్గరి గుమాస్తాలు నవ్వారు. ఇష్టపూర్తిగా అమ్ముతున్నావా అని అడిగితే అవునన్నాడు. సంతకం పెట్టాడు. పెద్దరాములు సాక్షి గడిలో బొటనవేలు అద్ది, నెమ్మదిగా ఒత్తి, ముద్ర బాగా పడిందా అని వంగి చూసుకున్నాడు. అప్పుడు వకీలు వైపు తిరిగి ఒక మాట అడిగాడు.

"సార్, ఇల్లు ఏ గడియ నుంచి వీళ్ళది అయితది?"

"ఇప్పుడు నంబరు వేసి ముద్ర కొడ్తరు. తాళపుచెయ్యి వీళ్ళ చేతిల పడితే ఇగ తిరుగు లేదు."

"అప్పుడు మా తమ్మునికి అండ్ల ఏం మిగలదు?"

"ఏం మిగలదు."

"గడప కూడ?"

"గడప కూడ. రుబ్బురోలుతోని సహా," అన్నాడు వకీలు.

"మంచిగైంది," అన్నాడు పెద్దరాములు.

ఆ మాట చిన్నరాములుకు మళ్ళీ గుచ్చుకుంది. అంత మాట చెప్పిన మనిషి, తమ్ముడికి గడప కూడా మిగలదంటే మంచిగైంది అనడమేమిటి? కడుపులో ఏ మూలనో పాత మంట ఉందేమో. ఉంటే ఉండనీ. ఆయన చేయవలసింది చేశాడు. బస్సులో కూడా చిన్నరాములు అదే తలపోస్తూ కూర్చున్నాడు. పెద్దరాములు ముందు సీటులో కిటికీ దగ్గర కూర్చుని దారి పొడుగునా చేలు చూస్తున్నాడు. ఊరికి పోయే బస్సు ఎక్కకుండా వీళ్ళతో పటాన్‌చెరుకు ఎందుకు వస్తున్నాడో ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. వెంకటరామయ్య భార్య నాగరత్నం గుమ్మంలో ఎదురుచూస్తోంది. తెల్లారకముందే లేచి పప్పు, వంకాయ కూర, పులుసు వండింది. ముత్యమ్మ పొద్దున పోయేముందు చేసి ఉంచిన జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. చిన్నరాములు మొలతాటికి కట్టుకున్న తాళపుచెయ్యి విప్పాడు. ఇరవై మూడేళ్ళు అక్కడే ఉన్న తాళపుచెయ్యి. గడప బయట నిలబడి రెండు చేతులతో నాగరత్నం చేతిలో పెట్టాడు.

"మంచిగ ఉండుండ్రి, బిడ్డా. వానకు ఒక్క చుక్క కారదు. కారితే నాకు చెప్పు," అన్నాడు.

"అన్నయ్యగారూ, మీ చేతి గోడ, మాకేం భయం!" అన్నది నాగరత్నం. కళ్ళకద్దుకుని తాళపుచెయ్యి తీసుకుంది. "రండి, రండి. అందరూ భోజనాలకు లేవాలి. పెద్దన్నయ్యగారూ, మీరు కూడానండి. కాదనకండి."

ముత్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు తగ్గించి, "ఆయనను బలవంతం చేయకు బిడ్డా. ఈ ఇంట్ల..." అని, తరువాతి మాట మింగేసింది.

పెద్దరాములు వాకిట్లో నిలబడి ఉన్నాడు. గోడ వైపు చూస్తున్నాడు, మూల దగ్గర నుంచి మూల దాకా, తాను దింపిన రాయిని ఒక్కొక్కటిగా గుర్తుపడుతున్నట్టు.

"బిడ్డా," అన్నాడు. "ఈ ఇల్లు ఎవలది?"

నాగరత్నం తికమకపడింది. "అదేంటండీ అన్నయ్యగారూ? మీ ముందరేగా రాసిచ్చారు! మాదేనండి."

"చిన్నరాములుది కాదు గద?"

"కాదండి, ఇక."

"అయితే చెంబుల నీళ్ళు తే."

ముత్యమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చిన్నరాములు అన్న వైపు తిరిగాడు. ఏ గడియ నుంచి అని కచేరిలో అడిగిన మాట, గడప కూడనా అని అడిగిన మాట, అన్నీ ఒక్కసారి వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది. పదకొండేళ్ళు దాన్ని ఒక్క వెంట్రుకవాసి వంచని మనిషి ఈనాడూ వంచలేదు. అటువంటి మనిషి తన అన్న.

నాగరత్నం చెంబు తెచ్చింది. చిన్నరాములు దాన్ని ఆమె చేతిలో నుంచి తీసుకుని నీళ్ళు వంచాడు. పెద్దరాములు చేతులు పట్టాడు. బొటనవేలికి సిరా ఇంకా ఉంది. రుద్దాడు, పోలేదు. ఇద్దరూ గడప దాటారు.

విస్తళ్ళు వేశారు. పెద్దరాములు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పక్కన చిన్నరాములు, ఎదురుగా వెంకటరామయ్య. ముత్యమ్మను కూడా నాగరత్నం చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. రొట్టె తుంచిన చప్పుడు, పులుసు వడ్డించిన చప్పుడు. నాగరత్నం రెండోసారి రొట్టె తెచ్చి పెద్దరాములు ముందు వంగింది. ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేదు.